పలుగు పట్టిన విశ్వాసం

1969లో క్యాథలిక్ ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో దిగిన ఇంట్లో సామానంటూ ఏమీ లేదట. గోడకు మాత్రం అద్భుతం కోసం ఎదురుచూడమని రాసిన కాగితం ఒకటి అంటించి ఉందట. ఎదురుచూస్తూ కూర్చోకుండా, ఆ అద్భుతం జరిపించే పని తానే నెత్తికెత్తుకున్నారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. తక్కువ వానల లెక్కలో జైసల్మేర్ తర్వాత మన జిల్లాయే అంటారు కదా. ఎదురుచూపు సంగతి శనక్కాయ విత్తి మబ్బుల కేసి చూసే రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దేవుణ్ని నమ్మి ఊరుకోవాలా, చేసి చూపించాలా? క్రైస్తవంలో ఈ తగవు పాతదే. మనిషిని నీతిమంతుణ్ని చేసేది విశ్వాసమేనని పౌలు వాదించాడు. చేతల్లో కనిపించని విశ్వాసం దేనికీ కొరగాదని యాకోబు పత్రిక అంది. తమాషా ఏమిటంటే, ఇద్దరూ సాక్ష్యానికి పిలిచింది అబ్రాహామునే! పౌలు పక్షాన నిలిచిన ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ 1522లో యాకోబు పత్రికను గడ్డితో సమానమని తీసిపారేశాడు. 1547లో క్యాథలిక్కుల ట్రెంట్ మహాసభ, విశ్వాసమొక్కటే చాలన్న లూథర్ వాదాన్ని కొట్టేసింది. క్యాథలిక్కులు, లూథరన్లు కలిసి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టేసరికి 1999 వచ్చింది. మన సీమకు రెండు వర్గాలవాళ్లూ వచ్చారు: 18వ శతాబ్దంలో ధర్మవరం వైపు క్యాథలిక్కుల్లోని జెస్యూట్ సంఘంవాళ్లు, 19వ శతాబ్దంలో గుత్తికి లండన్ మిషన్ ప్రొటెస్టెంట్లు.

ఫెర్రర్ జెస్యూటే. 1920లో బార్సిలోనాలో పుట్టి, స్పెయిన్ అంతర్యుద్ధంలో సైనికుడై, 1952లో బొంబాయి చేరారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో బావి తవ్వుకునే రైతులకు గోధుమలు, నూనె ఇచ్చేవారు. నీళ్లు పడతాయో లేదో తెలియని గోతికి ముందుగానే గింజలు కొలిచి ఇవ్వాలంటే పౌలు చెప్పిన విశ్వాసమే ఉండాలి. పలుగు దిగాక అది యాకోబు లెక్కలోకి వస్తుంది. ఇద్దరికీ రాజీ ఆ బావిగట్టు మీదే కుదిరిందని నాకనిపిస్తుంది.

రైతులు వెంట నడవడం అక్కడి పెద్దలకు గిట్టలేదు. 1968లో ఆయన్ను దేశం విడిచి పొమ్మన్నారు. రైతులు రోడ్డెక్కారు, ఇందిరాగాంధీ కల్పించుకున్నారు. మరుసటి ఏడు తిరిగొచ్చిన మనిషికి చోటిచ్చింది ఆంధ్రప్రదేశ్. అనంతపురంలో ఆయన సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) అలా పుట్టింది. 1970లో ఆయన జెస్యూట్ సంఘం వదిలి ఆన్ పెర్రీని పెళ్లాడారు. అయినా జనం ‘ఫాదర్’ అనడం మానలేదు. బావి తవ్వించినా, బడి పెట్టినా మతం మారమని అడగలేదు. పేదలకు కట్టించిన ఇళ్లను ఆడవాళ్ల పేరున రాయించారు. ప్రసంగాలు విని దేవుణ్ని నమ్మినవాళ్లెందరో నేను చెప్పలేను గానీ, ఈ పని చూసి ఫాదర్‌ను నమ్మినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు కారు.

2009 జూన్ 19న ఆయన అనంతపురంలోనే కన్నుమూశారు. సమాధి ఆర్‌డీటీ పెద్దాసుపత్రి ఉన్న బత్తలపల్లిలో ఉంది.