ప్రాంతీయ విమానసంస్థలు – పైలట్ల వేతనాలు: తెలుగునేల అనుభవం

కొప్పేశ్వరాలయంతో ప్రసిద్ధి పొందిన పలివెల నుండి విమానమెక్కదలచినవారు రావులపాలెం మీదుగా మధురపూడి చేరుకోవాలి. అక్కడికి హైదరాబాదు నుండి వచ్చే విమానాలలో డెబ్బైమందికి పైగా పట్టే ప్రొపెల్లరు విమానం ఎ.టి.ఆర్. 72 ఒకటి. దాని కెప్టెన్ వేతనం సాధారణంగా పెద్ద జెట్ విమానపు కెప్టెన్ వేతనం కంటే తక్కువ. బాధ్యత ఒకటే అయినా సీట్ల సంఖ్యను బట్టి జీతం మారడం ఈ వృత్తిలోని పాత ఆచారం. చిన్న సంస్థల జీతాలు పెద్ద సంస్థల జీతాలను ఎటు లాగుతాయన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ భాగస్వామ్యంలో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1946లో బేగంపేట నుండి సర్వీసులు ప్రారంభించింది. పలు సంస్థలు నిరాకరించిన ప్రేమ్ మాథుర్‌కు 1947లో పైలట్ ఉద్యోగమిచ్చింది ఈ ప్రాంతీయ సంస్థయే. ఒకచోట కాదన్నవారికి మరొకచోట అవకాశముండేదనడానికి ఇది నిదర్శనం. 1953లో జాతీయీకరణతో డెక్కన్ సహా ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిశాయి. అప్పటినుండి దేశీయ మార్గాల పైలట్‌కు యజమాని ఒక్కరే. వేతనాన్ని బజారు గాక, సంఘంతో జరిగే ఒప్పందమే నిర్ణయించసాగింది.

1981లో ప్రభుత్వమే వాయుదూత్‌ను నెలకొల్పింది. చిన్న విమానాలు, చిన్న ఊళ్లు, తక్కువ వేతనాలు దాని లక్షణాలు. 1993లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైనప్పుడు డోర్నియర్ నడిపిన పైలట్‌ను పెద్ద సంస్థ నిచ్చెనపై ఏ మెట్టున నిలపాలన్న చిక్కు ఎదురైంది.

అదే కాలంలో జెట్ ఎయిర్‌వేస్ వంటి ప్రైవేటు సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లను ఆకర్షించాయి. పైలట్ల సమ్మె సాగుతుండగా అద్దెకు తెచ్చిన ఉజ్బెక్ టుపొలెవ్ విమానం హైదరాబాదు నుండి వెళ్లి 1993 జనవరి 9న ఢిల్లీలో కూలింది. అందరూ బ్రతికి బయటపడడం అదృష్టమే. వలసను ఆపడానికి ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1990ల మధ్యలో ఉత్పాదకతతో ముడిపెట్టిన ప్రోత్సాహకాలు ప్రవేశపెట్టింది. కొత్త సంస్థల రాక పాత సంస్థ వేతనాన్ని పెంచిందన్నమాట.

అమెరికాలో కథ తలక్రిందులు. అక్కడ పెద్ద సంస్థలు తమ పేరుతోనే చిన్న మార్గాలను ప్రాంతీయ సంస్థలచేత నడిపిస్తాయి. ఆ చౌకపని తమ జీతాలను దిగలాగకుండా పైలట్ల సంఘాలు ఒప్పందాలలో విమానాల పరిమాణానికి హద్దులు పెట్టించాయి. 2009లో బఫలో వద్ద కూలిన కోల్గాన్ విమానపు సహ పైలట్ వార్షిక వేతనం సుమారు 16,000 డాలర్లని విచారణలో వెల్లడైంది. 2013 నుండి సహ పైలట్‌కు సైతం సాధారణంగా 1,500 గంటల అనుభవం తప్పనిసరి అయింది. పైలట్ల కొరత తీవ్రమయ్యాక 2022లో ప్రాంతీయ సంస్థలే జీతాలను భారీగా పెంచాయి. మరుసటి ఏడాది పెద్ద సంస్థల ఒప్పందాలూ పెరిగాయి.

అమెరికాలో సంస్థ మారిన కెప్టెన్ సీనియారిటీ పట్టికలో అట్టడుగున చేరుతాడు. భారతదేశంలో అనుభవజ్ఞుడైన జెట్ కెప్టెన్ కెప్టెన్‌గానే మారగలడు. అందుచేత ఇక్కడ బేరం బలమైనది. 2003లో ఎయిర్ డెక్కన్ రాకతో మొదలైన విస్తరణలో ఈ పోటీ ముదిరింది. 2005లో పౌర విమానయాన డైరెక్టరేట్ ఆరు నెలల నోటీసు నియమం తెచ్చింది. 2017లో కెప్టెన్లకు దానిని ఏడాదికి పెంచింది. ప్రయాణికుల సౌకర్యం పేరిట వచ్చినా ఆ నియమం వేతనంపై వేసిన కళ్లెమే.

విజయవాడ కేంద్రంగా 2013లో ప్రారంభమైన ఎయిర్ కోస్టా 2017లో నిలిచిపోయింది. 2015లో హైదరాబాదులో మొదలైన ట్రూజెట్ 2022లో ఆగింది. ఎ.టి.ఆర్.పై గంటలు సంపాదించిన యువ పైలట్ చూపు జెట్ వైపే ఉంటుంది గనుక, చిన్న సంస్థ శిక్షణ ఖర్చు భరించి ఫలితాన్ని పెద్ద సంస్థకు అప్పగించవలసి వచ్చేది. ఇప్పుడు ఇండిగో ఎ.టి.ఆర్.లను తన గొడుగు క్రిందనే నడుపుతున్నది. రెండు వేతనశ్రేణుల నడుమ నాడు రెండు సంస్థల మధ్య ఉన్న గోడ, నేడు ఒకే సంస్థ లోపలికి చేరింది.