పాతబస్తీలో ప్రజారోగ్య సమాచారం: వైద్య పత్రిక నుండి వాట్సాప్ వరకు

ఉపోద్ఘాతం

ప్రజారోగ్యానికి వైద్యశాల ఎంత అవసరమో, నమ్మదగిన సమాచారమూ అంతే అవసరం. సమాచార సాధనం మారినప్పుడు ఆ సమాచారానికి జవాబుదారీ ఎవరన్న ప్రశ్నను హైదరాబాదు పాతబస్తీ అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

అచ్చు మాధ్యమం

1846లో హైదరాబాదు వైద్య పాఠశాల ఏర్పడింది. 1850ల దశకంలో నగరం నుండి ‘రిసాల-ఎ-తిబాబత్’ అనే ఉర్దూ వైద్య పత్రిక వెలువడింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా భాషగా స్వీకరించగా, అవసరమైన గ్రంథాలను దాని అనువాద విభాగం సిద్ధం చేసింది. వీటి పాఠకులు పరిమితమే. అయినా అచ్చయిన ప్రతి మాట వెనుక ఒక సంపాదకుడో, ఒక సంస్థో బాధ్యులుగా నిలిచేవారు.

సామాజిక మాధ్యమం

వాట్సాప్ వంటి మాధ్యమాలు ఆ పరిమితిని తొలగించాయి. చదువు రానివారికి సైతం మాట రూపంలో, దృశ్య రూపంలో సమాచారం చేరింది. అయితే చేతులు మారేకొద్దీ సందేశ కర్త మరుగున పడ్డాడు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు వ్యాపించాయి. ఆ భయంలో చాంద్రాయణగుట్ట వద్ద ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అదే ఏడాది జూలైలో, భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా వాట్సాప్ పరిమితిని ప్రకటించింది. కోవిడ్ వేళ, 2020 ఏప్రిల్‌లో, పలుమార్లు ఫార్వర్డ్ అయిన సందేశాలకు ఆ పరిమితిని ఒక చాట్‌కు కుదించింది. ఈ చర్యలు వదంతి వేగాన్ని తగ్గించగలవు, నిజానిజాలను తేల్చలేవు.

విద్యారంగంలో ఇదే మాధ్యమం మరోలా పనిచేసింది. 2020 సెప్టెంబరు 1 నుండి రాష్ట్ర ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. ఉపాధ్యాయులు వాట్సాప్ బృందాలలో అభ్యాసాలు పంపారు. ఫోన్ లేని ఇళ్ల పిల్లలు వెనుకబడ్డారన్నది నిజమే. కానీ పాఠం పంపినవారెవరో తల్లిదండ్రులకు తెలుసు. సందేహం వస్తే అడిగే వీలుంది. వదంతి విషయంలో లోపించినది ఇదే.

ముగింపు

2018లోనే నగరంలో బస్తీ దవాఖానాలు ప్రారంభమయ్యాయి. టీకాలు, జ్వరాల గురించిన సందేశాలు అక్కడి వైద్యుల పేరుతో, వారి గొంతుతో, ఉర్దూ తెలుగు భాషలలో ఇంటింటికీ చేరాలి. నాటి పత్రికకున్న బాధ్యత నేటి మాధ్యమపు వేగానికి తోడైనప్పుడే అది ప్రజారోగ్య సాధనమవుతుంది.