సత్యభామ పాత్ర ఎదిగిన నేల

విజయవాడకు వాయవ్యంగా కొండల మీద నిలిచిన కొండపల్లి దుర్గాన్ని 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కట్టించాడని ప్రతీతి. ఎఱ్ఱాప్రగడ తన హరివంశాన్ని అంకితమిచ్చింది ఆ రెడ్డిరాజుకే. 1515లో కొండవీటిని జయించిన శ్రీకృష్ణదేవరాయలు ఆ తరువాత ముట్టడించి గజపతుల చేతినుంచి తీసుకున్నదీ ఈ కొండపల్లినే. కళింగ దండయాత్ర సందర్భంలో తాను విజయవాడలో విడిది చేసి, డెల్టాలోని శ్రీకాకుళం వెళ్లి ఆంధ్రవిష్ణువును సేవించానని ఆయన ఆముక్తమాల్యద అవతారికలో చెప్పుకున్నాడు. ఆయన ఆస్థానకవి నంది తిమ్మన పారిజాతాపహరణం రాశాడు. దుర్గం చరిత్రలో ఇలా తారసపడే ఈ ఇద్దరు ప్రభువుల పేర్లూ సత్యభామ కథ చెప్పిన రెండు ముఖ్యమైన తెలుగు కావ్యాల వెనుక కనిపిస్తాయి. ఆ పాత్ర మాత్రం కోటల్లో కాక, దిగువన కృష్ణా డెల్టాలోని కూచిపూడి అనే పల్లెలో, తెర ముందు దివిటీల వెలుగులో పెరిగి పెద్దదైంది.

ఒక గాథలోని పాత్ర తరాల పొడుగునా ఎదగడం తెలుగునేలకే ప్రత్యేకమైన సంగతి కాదు. బ్రిటన్‌లో థామస్ మాలరీ కూర్చగా 1485లో అచ్చయిన ఆర్థర్ రాజు కథలు 2008 నుంచి 2012 వరకు బీబీసీలో 'మెర్లిన్' అనే కాల్పనిక ధారావాహికగా వచ్చినప్పుడు, వృద్ధ మాంత్రికుడిగా లోకానికి తెలిసిన మెర్లిన్ తన శక్తిని దాచుకొని యువరాజుకు ఊడిగం చేసే కుర్రవాడయ్యాడు. మోర్గానా తొలి భాగాల్లో దయగల యువతిగా ఉండి, భయమూ మోసపోయిన బాధా పేరుకుపోగా శత్రువుగా మారింది. కథ ఎలా ముగుస్తుందో ముందే తెలిసిన ప్రేక్షకుడిని కూడా కట్టిపడేసేది పాత్ర ఆ ముగింపుకు చేరే దారి. కూచిపూడి భాగవతులు శతాబ్దాల కిందటే ఆ దారిని రంగం మీద రాత్రుల తరబడి నడిపించారు.

పురాణంలో సత్యభామ సత్రాజిత్తు కూతురు, శమంతకమణి తగవు తీరిన మీదట కృష్ణుడిని పెళ్లాడిన రాణి. పోతన నరకాసురవధ ఘట్టంలో ఆమె చేత విల్లు పట్టించి, ఒకే దేహంలో శృంగార వీరాలను రెంటినీ చూపించాడు. తిమ్మన ఇంకా ముందుకు వెళ్లాడు. నారదుడు తెచ్చిన పారిజాతపుష్పం రుక్మిణికి దక్కిందని విన్న సత్య అలక గదిలో చేరి, పాదాలకు మొక్కవచ్చిన భర్తను ఎడమకాలితో తన్నుతుంది. కృష్ణుడు కోపగించుకోకపోగా ఆమె పాదం నొచ్చిందేమోనని కుందుతాడు. రాణి తిరుమలదేవి మీద రాయలకు కలిగిన అలుకను తీర్చడానికే, ఆమె పుట్టింటి నుంచి అరణంగా వచ్చిన తిమ్మన ఈ కావ్యం చెప్పాడనే కథ ఉంది. అది నిజమైనా కాకపోయినా, స్త్రీ అభిమానాన్ని దోషంగా కాక రసవంతమైన స్వభావంగా చూసిన చూపు ఈ కావ్యంతో తెలుగులో స్థిరపడిందనవచ్చు. కూచిపూడి భాగవతులు ఆడే నృత్యనాటకం భామాకలాపం ఆ చూపుకే వారసురాలు.

కొండపల్లి బొమ్మలతో పోలిస్తే ఈ వారసత్వపు విశేషం తెలుస్తుంది. అక్కడి కళాకారులు తెల్లపొణికి కర్రను చెక్కి, చేతులూ కాళ్లూ విడిగా చేసి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికి, రంగులద్ది దశావతారాల వరుసను నిలబెడతారు. కొలువులో కూర్చున్న ప్రతి మూర్తికీ ఒకే భంగిమ, ఒకే ముఖం. పురాణపాత్ర చాలాకాలం అలాంటి స్థిరమూర్తే. దానిలో చలనం తెచ్చింది కలాపం.

మొవ్వకు దగ్గరనున్న కూచిపూడి గ్రామాన్ని గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) భాగవతుల ఆట చూసి మెచ్చి అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. భామాకలాపాన్ని రచించి, ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలకు నేర్పి, ప్రతివారూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నవాడు సిద్ధేంద్రయోగి. కలాపంలో కథ స్వల్పం. సత్యాకృష్ణులు అద్దంలో చూసుకొని అందం ఎవరిదన్న మాటపై తగవుపడతారు, కృష్ణుడు వెళ్లిపోతాడు, విరహంలో వేగిన సత్య చెలికత్తె మాధవి చేత లేఖ పంపుతుంది, ఆయన తిరిగి వస్తాడు. ఇంత చిన్న కథను అన్ని రాత్రులు ఆడగలగడానికి కారణం, అందులో నడిచేది సంఘటనలు కాక మనసు కావడమే.

ప్రవేశమే చూడదగినది. ఇద్దరు పట్టుకున్న తెర వెనుక నిలిచిన సత్యభామ తన జడను తెరమీదుగా సభలోకి వేస్తుంది. రాగిడి, చంద్రవంక, జడకుచ్చులతో వేలాడే ఆ జడ ఒక సవాలు: నాట్యంలో, విద్యలో తనను మించినవారుంటే వచ్చి దాన్ని కోయవచ్చునని దాని భావం. ఆ పిమ్మట ప్రవేశదరువు, అంటే పాత్ర తన్ను తాను పరిచయం చేసుకుంటూ ఆడే పాట, వస్తుంది. ఇక్కడ ఆమె స్వాధీనపతిక, భర్త తన చెప్పుచేతల్లో ఉన్నాడన్న ధీమా గల నాయిక. భర్త పేరు చెప్పమని మాధవి అడిగితే సిగ్గుపడుతుంది. అతడు రాకపోయేసరికి విరహోత్కంఠిత అవుతుంది. తగవుకు తానే కారణమని తెలిసి పశ్చాత్తాపపడినప్పుడు కలహాంతరిత అవుతుంది. అలంకారశాస్త్రం ఎనిమిది విధాల నాయికలను ఎనిమిదిమంది స్త్రీలుగా వర్ణిస్తే, కలాపం వాటిలో చాలా దశలను ఒక్క స్త్రీ లోపల వరుసగా నిలిపింది. సిద్ధేంద్రుడి ప్రతిభ ఇక్కడే ఉంది.

లేఖ తీసుకువెళ్లడానికి మాధవి అడిగే బహుమానం సత్యభామ ముక్కెర. నగను వదులుకోలేక, వదలక తప్పక ఆమె తటపటాయించే ఘట్టం నవ్విస్తూనే ఆమె గర్వం ఎంత కరిగిందో కొలిచి చూపిస్తుంది. అయినా ఆమె గర్వం పూర్తిగా పోదు. కృష్ణుడు వచ్చాక సవతితో వాదానికి మళ్లీ సిద్ధపడుతుంది. మారింది స్వభావం కాదు, ఆ స్వభావం ఎంత వెల కోరుతుందో ఆమెకు తెలిసిరావడం.

ఈ సూక్ష్మతను తరతరాలుగా మోసినవారు పురుషులే. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామగా రంగమెక్కితే ప్రేక్షకులకు పురుషుడన్న స్ఫురణే మిగిలేది కాదని చూసినవారంతా అన్నారు. 1970లో ఆయనకు పద్మశ్రీ లభించింది. డెల్టాకు ఆవలి గట్టున బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు (1902–1971) పద్యనాటకరంగంలో, ముత్తరాజు సుబ్బారావు 'శ్రీకృష్ణతులాభారం'లో, అదే పాత్రకు మరో రూపమిచ్చాడు. ఈ కథలో సత్య భర్తను నారదుడికి దానమిచ్చి, తన బంగారమంతా త్రాసులో వేసినా సరితూగక, చివరికి రుక్మిణి వేసిన తులసిదళం ముందు ఓడిపోతుంది. రంగశోభ ఎంత ఉన్నా, పాత్ర ఎదుగుదల దృష్టితో చూస్తే తులాభారం కలాపానికి సాటిరాదు. ఇందులో సత్యను బయటినుంచి ఒక త్రాసు ఓడిస్తుంది, కలాపంలో ఆమెను ఆమె మనసే మలుస్తుంది. 1966లో ఈ కథ చలనచిత్రంగా వచ్చినప్పుడు జమున నటన ఆ లోటును కొంత పూడ్చి, ఓటమిలోనూ తల దించని సత్యభామను ఇంటింటికీ పరిచయం చేసింది.

వెంపటి చినసత్యం (1929–2012) 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పి, కలాపాన్ని 'శ్రీకృష్ణపారిజాతం' నృత్యనాటకంగా కుదించి, శోభానాయుడు వంటి శిష్యురాళ్లకు పాత్రను అప్పగించాక, సత్యభామ స్త్రీదేహంలోకి చేరింది. దీనితో వేషధారణలోని శ్రమ తగ్గి, అభినయానికి కొత్త సహజత్వం వచ్చింది. సూత్రధారుడితో గంటల తరబడి సాగే వాదోపవాదాలు మాత్రం సంక్షిప్తమయ్యాయి. నేడు చాలా వేదికల మీద ప్రవేశదరువు ఒక్కటే విడి అంశంగా ఆడుతున్నారు. అందులో జడా గర్వమూ కనిపిస్తాయి కాని, లేఖ రాసే చేయీ ముక్కెర విప్పే చేయీ కనిపించవు. కలాపం పూర్తి పాఠాన్ని గురువుల దగ్గర నేర్చి, కనీసం ఒక రాత్రంతా ఆడే అవకాశం కూచిపూడి పిల్లలకు కల్పించడం ఈ పాత్ర పట్ల తెలుగువారు తీర్చవలసిన బాకీ.