సంభూయసముత్థానము: పొత్తువ్యాపార వివాదముల పూర్వాపరములు

హైదరాబాదు నగరమునఁ జిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరములు నేఁడు విద్యకును విద్య నాశ్రయించిన వర్తకమునకును నెలవులు. నగర కేంద్ర గ్రంథాలయము చెంత నుద్యోగపరీక్షలకుఁ జదువువారి రాకపోకల ననుసరించి శిక్షణాలయములు, వసతిగృహములు, భోజనశాలలు, పుస్తకముల యంగళ్లు పెరిగినవి. ఇట్టి వ్యాపారములను ఇద్దఱు ముగ్గురు కలసి నడపుట సామాన్యము. ఒకఁడు ధనము తెచ్చును. వేఱొకఁడు పాఠము చెప్పు నేర్పు తెచ్చును. పత్రము వ్రాసికొనుట స్నేహమునకుఁ గొఱఁత యని తలంచువారు పెక్కురు. లాభము వచ్చిన పిదప, లేదా నష్టము వాటిల్లిన పిదప, కలహము పుట్టును. ఏ పాళ్లఁ బంచుకొనవలెను? లెక్క చూపనివాని నేమి చేయవలెను? తక్కినవా రెఱుఁగకుండఁ జేసిన బేరము వలని నష్ట మెవ్వనిది? ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. కాని వీనిలో మొదటిదానికిఁ బ్రాచీనులు చెప్పిన యుత్తరమును, నేఁటి శాసనము చెప్పు నుత్తరమును భిన్నములు. ఆ భేదమును విచారించుటయే యీ వ్యాసోద్దేశము.

మనువు వ్యవహారపదములు పదునెనిమిదింటిలో సంభూయసముత్థానము నొకదానిగా లెక్కించెను. పలువురు కూడి చేయు పని యని దీని యర్థము. మనుస్మృతిలో నీ ప్రకరణము ప్రధానముగా ఋత్విక్కుల దక్షిణా విభాగమునకు సంబంధించినది. వర్తకుల పొత్తునకు స్ఫుటమైన ధర్మమును యాజ్ఞవల్క్యుఁడు చెప్పెను. లాభనష్టములు పెట్టిన ద్రవ్యము ననుసరించి కాని, ముందు చేసికొనిన సంవిత్తు ననుసరించి కాని పంచుకొనవలెను. నిషేధించిన పనిని, ఒప్పుకొనని పనిని చేసి, లేదా యేమఱుపాటున, సరకును జెఱచినవాఁడు తానే యిచ్చుకొనవలెను. ఆపదనుండి దానిని గాపాడినవానికిఁ బదియవవంతు బహుమానము. కుటిలుని లాభ మీయక తొలఁగింపవచ్చును. అశక్తుఁడు తన పనిని మఱియొకనిచేఁ జేయింపవచ్చును. దేశాంతరమున మృతుఁడైనవాని సొమ్ము దాయాదులకుఁ జెందును. ఈ విధియే ఋత్విక్కులకు, కృషీవలులకు, శిల్పులకును వర్తించునని యాతని తీర్పు.

ఈ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుఁడు చాళుక్య షష్ఠ విక్రమాదిత్యుని (1076-1126) కాలమునఁ గల్యాణనగరమున వసించెను. ఆ కల్యాణము తరువాతి కాలమున నిజాము రాజ్యమునఁ జేరియుండి, నేఁడు కర్ణాటకములోని బీదరు జిల్లా యందున్నది. తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన మూలఘటిక కేతన 13వ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయ మను పేర నీ ధర్మశాస్త్రమును దెనిఁగించెను. కావున వ్యవహారశాస్త్రము తెలుఁగువారికి దేశభాషలోనే లభించి యేడువందల యేండ్లు దాఁటినది.

ద్రవ్యానుసారవిభాగము ధనికునికే యనుకూల మని తలంపరాదు. నిబంధకారు లుదాహరించిన వచనములలో శిల్పులకు వేఱొక క్రమము కలదు: నేర్చుకొనువానికి 1, తెలిసినవానికి 2, కుశలునకు 3, ఆచార్యునకు 4 భాగములు. ధనమున్నచోట ధనము, నేర్పున్నచోట నేర్పు కొలమానములు. తెచ్చినదానికిఁ దగిన పాలు అనునది యీ ధర్మమునకు ప్రాణము.

ధనమును గాదు, నేర్పును గాదు, పలుకుబడి తెచ్చినవాని పాలెంత? ఈ ప్రశ్నకు నిదర్శనము నారాయణగూడకుఁ జేరువనే, రెసిడెన్సీ ప్రాంతమునఁ గలదు. విలియం పామరు 1814 ప్రాంతమున స్థాపించిన కోఠీలో నాతని సోదరుఁడు హేస్టింగ్సు పామరును, బెంకటీదాసను సాహుకారును పొత్తుదారులు. పిమ్మట సర్ విలియం రంబోల్డు చేరెను. ఇతఁడు గవర్నరు జనరలగు హేస్టింగ్సు ప్రభువు సంరక్షణమునఁ బెరిగిన కన్యను వివాహమాడినవాఁడు. 1797 నాఁటి పార్లమెంటు శాసనముచే నాంగ్లేయులు దేశీయప్రభువుల కప్పిచ్చుట నిషిద్ధమై యుండఁగా, 1816లో గవర్నరు జనరలు ఈ కోఠీకిఁ బ్రత్యేకానుమతి నొసఁగెను. 1820లో నిజాము ప్రభుత్వమున కఱువదిలక్షల ఋణ మేర్పడెను. ఆ యేఁడే రెసిడెంటుగా వచ్చిన చార్లెసు మెట్కాఫు దీని నాక్షేపించెను. తుదకు 1823లో ఉత్తర సర్కారులకై కుంపిణీ యేఁటేఁట నీయవలసిన యేడులక్షల పేష్కషును మూలధనముగా మార్చి, 1,16,66,666 రూపాయలతో నిజాము ఋణములు తీర్పఁబడెను. కోఠీ 1824లో మూఁతపడెను. తెలుఁగుదేశపు సర్కారుల పేష్కషు ఇట్లొక పొత్తువ్యాపారపు బాకీకి సమసిపోయినది. పలుకుబడి మూలధనమైన పొత్తు ఆ పలుకుబడితోనే నశించునని దీనివలనఁ దెలియుచున్నది.

బ్రిటిషిండియాలో 1872 నాఁటి ఒడంబడికల చట్టము 239 మొదలు 266 వఱకుఁ గల సెక్షనులలోఁ బొత్తును గూర్చి విధించెను. 1932లో భాగస్వామ్యచట్టము ప్రత్యేకముగా వెలసెను. హైదరాబాదు రాజ్యమునకు స్వకీయములైన శాసనములును న్యాయస్థానములును నుండెను. రెసిడెన్సీ బజారులు మాత్రము 1933 దాఁక రెసిడెంటు నధికారమున నుండినవి. 1932 నాఁటి చట్టము 1951లో హైదరాబాదునకు వ్యాపించెను.

ఈ చట్టపు 13వ సెక్షను ప్రకారము, వేఱొడంబడిక లేనిచో, మూలధనము హెచ్చుతగ్గులైనను లాభనష్టములందు భాగస్వాములందఱు సములే. పని చేసినవానికిఁ బ్రత్యేకవేతనము లేదు. ఆపదలో సొమ్ము గాపాడినవానికి వెచ్చించినది తిరిగి వచ్చునే కాని పదియవవంతు రాదు. ఒడంబడికలో నధికారము లేనిదే యధికసంఖ్యాకులు కూడి యొకనిని వెడలింపరాదు. బుద్ధిపూర్వకమైన యుపేక్షచే నష్టము తెచ్చినవాఁడు దానిని బూరింపవలె ననుట, లెక్కలు సత్యముగాఁ జూపవలె ననుట మాత్రము పూర్వధర్మమునకు సన్నిహితములు. 69వ సెక్షను ప్రకారము రిజిష్టరు కాని సంస్థయందలి భాగస్వామి, యొడంబడికవలని హక్కులకై సంస్థపైఁ గాని తోడివారిపైఁ గాని దావా వేయలేఁడు. సంస్థను రద్దుచేయింపను, రద్దయినదాని లెక్కలు తేల్పింపను మాత్రము వేయవచ్చును.

తాను తెచ్చిన యిల్లు తనదే యని వాదించువారును గలరు. అద్దంకి నారాయణప్ప, భాస్కర కృష్ణప్ప అను వ్యాజ్యమున 1966లో సుప్రీంకోర్టు ఈ భ్రమను దొలఁగించెను. వడ్లు దంపించుట, వేరుసెనగ యొలిపించుట మొదలగు వ్యాపారములలోఁ బొత్తు గలిసిన రెండు తెలుఁగు కుటుంబముల వివాద మది. సంస్థ సాగుచుండఁగా నే భాగస్వామియు నీ వస్తువు నాదని చెప్పరాదు. లాభములో వంతు, సంస్థ ముగిసినపుడు బాకీలు పోఁగా మిగిలినదానిలో వంతు మాత్రమే యతనివి. కాన స్థిరాస్తి యున్నను నతని పాలు చరాస్తియే యని తీర్పు.

ఇఁక మొదటి ప్రశ్నకు వత్తము. లోకులు నోటిమాటతోఁ బొత్తు కలియునపుడు మనసులో నుంచుకొనునది యాజ్ఞవల్క్యుని న్యాయము: నాలుగువంతులు పెట్టిన నాకు నాలుగువంతులు. న్యాయస్థానమునఁ గనఁబడునది సమభాగము. ధనము తెచ్చినవాఁడు మోసపోయితి ననుకొనును. పాఠము చెప్పినవాఁడు వేతనము లేదని వగచును. ఇద్దఱును సత్యమే పలుకుదురు. ఇద్దఱికిని బత్రము లేదు. రెండు ధర్మములును సంవిత్తునకే యగ్రస్థాన మిచ్చినవి; అది లేనిచోటనే భేదము. కావున పాళ్లు, వేతనము, లెక్క చూపు కాలము, తొలఁగువానికి మరణించినవానికిఁ జెల్లవలసినది, ఈ నాలుగంశములను దెలుఁగునఁ దేటగా వ్రాసికొని సంస్థను రిజిష్టరు చేయించుట స్నేహమునకుఁ గొఱఁత కాదు, కాపు. వ్యవహారకాండను జదువు పండితులు, దానిని నేఁటి చట్టముతోఁ బోల్చి, తమ్మడుగువారి కీ మాట చెప్పుదురు గాక.