కొత్త ప్యాకింగ్ ఎందుకు కారింది?

పాత జీపు నిలిపిన చోట, సరిగ్గా వెనక యాక్సిల్ కింద, నల్లటి మరక. మెకానిక్ వంగి చూసి "డిఫరెన్షియల్ ప్యాకింగ్ పోయింది సార్" అంటాడు, కొత్తది వేస్తాడు. కొన్ని నెలలకు అక్కడే మళ్ళీ మరక, మళ్ళీ ప్యాకింగ్. పాత విల్లీస్, మహీంద్రా జీపులు ఉంచుకున్నవాళ్ళు చాలామంది ఈ తంతు చూసే ఉంటారు. ప్యాకింగ్ పోయిన మాట నిజమే. ఎందుకు పోతోందన్నదే చిక్కు.

మొదటి ఆధారం ఆ మరకే. వేలికి రాసుకుని వాసన చూడండి. చిక్కగా, జిగటగా ఉండి గంధకం ఘాటు కొడితే అది గేర్ ఆయిల్. ఆ ఘాటు ఊరికే రాలేదు. ఈ యాక్సిల్‌లోవి హైపాయిడ్ పళ్ళు. చిన్న చక్రం పినియన్, పెద్ద చక్రం క్రౌన్ నడిమి రేఖకు కిందుగా కూర్చుంటుంది కాబట్టి పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లడంతో ఆగవు, రాసుకుంటూ జారతాయి. ఆ ఒరిపిడికి మామూలు నూనె పొర నిలవదు. గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలిపితే అవి వేడికి ఉక్కు మీద పలచని కవచం కడతాయి. వాసన వాటిదే.

ఇక ఎక్కడినుంచి వస్తోంది? మరక ఉన్న చోటును నమ్మకూడదు. నూనె కిందికి జారుతుంది, బండి పోతుంటే గాలికి వెనక్కి పాకుతుంది. హౌసింగ్‌ను డీజిల్‌తో కడిగి, పొడిగా తుడిచి, టాల్కమ్ పౌడర్ చల్లి కాస్త దూరం తిప్పి తెస్తే తడి బయలుదేరిన చోటు పౌడర్‌లో కనిపిస్తుంది. వెనక కవరు అంచు వెంట వస్తే ప్యాకింగ్. ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే ముందు మూతి దగ్గరైతే పినియన్ సీలు. షాఫ్ట్ తిరిగే వేగానికి అది బండి అడుగున అడ్డంగా ఒక చార చిమ్ముతుంది. చక్రం లోపల తడి ఉంటే మాత్రం బండి కదపకండి. ఆ నూనె బ్రేకు లైనింగ్‌కు తగులుతుంది.

మన జీపులో తడి కవరు అంచుదే అనుకుందాం. ఎప్పుడు కారుతోందని మాత్రం ఎవరూ అడగరు. వారం నిలబెట్టినా చుక్క ఉండదు, దూరం పోయి వచ్చిన రాత్రే మరక. వేడికి నూనె పల్చబడుతుంది, అదీ కొంత కారణమే. కానీ కొత్త ప్యాకింగ్‌ను కూడా దాటి రావాలంటే లోపలినుంచి ఏదో నెడుతూ ఉండాలి.

యాక్సిల్ ట్యూబు పైన చిన్న బ్రీదర్ ఒకటి ఉంటుంది. లోపలి గాలి వేడెక్కితే బయటికి పోయే దారి అదే. ఏళ్ళ తరబడి బురద పట్టి, గ్రీజు కట్టి అది మూసుకుపోతుంది. 30 డిగ్రీల దగ్గర చిక్కిన గాలి 80 డిగ్రీలకు చేరితే ఒత్తిడి దాదాపు ఆరో వంతు పెరుగుతుంది. అది నూనెను అన్నిటికంటే బలహీనమైన చోటినుంచి తోస్తుంది. ఆ చోటు ప్యాకింగ్ అయితే దానిమీద నింద పడుతుంది. వేడి యాక్సిల్‌తో వాగులో దిగినప్పుడు తిరకాసు ఇంకోలా ఉంటుంది. గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుని సీళ్ళ పక్కనుంచి నీళ్ళను లోపలికి లాగుతుంది. కవరు విప్పినప్పుడు నూనె పాలు కలిపిన టీ రంగులో వస్తే అదే జరిగిందని అర్థం.

విప్పేటప్పుడు పై బోల్టు ఒకటి వదులుగా ఉంచి, మిగతావి తీసి, కవరు అడుగు అంచును మెల్లగా ఎత్తితే నూనె పళ్ళెంలో పడుతుంది. అన్నీ ఒకేసారి తీస్తే అది మెకానిక్ మోచేతి మీదుగా వస్తుంది. ఆ నూనెలో అయస్కాంతం తిప్పి చూడండి. దానికి సన్నని బూడిదలాంటి ఇనుప రజను అంటితే కంగారు అక్కర్లేదు, పళ్ళ ముక్కలు కనిపిస్తే సంగతి వేరు.

ఇప్పుడు కవరు అంచు మీద తిన్నని స్కేలు పెట్టండి. ఇంకో ఆధారం ఇక్కడ దొరుకుతుంది. కారిన ప్రతిసారీ ఎవరో ఒకరు బోల్టులను మరింత బిగించారు, రంధ్రాల చుట్టూ రేకు హౌసింగ్ వైపు ఉబ్బింది. అక్కడే ఆనుతుంది, రెండు బోల్టుల నడుమ సందు మిగులుతుంది. అలాంటి కవరు మీద ఎంత మంచి ప్యాకింగైనా నిలవదు. కవరును చదునైన కర్ర దిమ్మ మీద పెట్టి ఆ ఉబ్బులను సుత్తితో మెల్లగా అణచాలి.

పాత ప్యాకింగ్ గీకేముందు క్రౌన్ మీద గుడ్డ కప్పండి. రెండు ముఖాల మీదా నూనె జాడ లేకుండా తుడవాలి. సిలికాన్ పేస్టు దండిగా పూయడం మన షెడ్లలో అలవాటు. నాకది నచ్చదు. లోపలికి పిండుకున్న పేస్టు తునిగి నూనెలో తిరుగుతుంది. పలచని పూత చాలు. బోల్టులు ఎదురెదురుగా, విడతలుగా బిగించాలి. నూనె ఫిల్లర్ రంధ్రం కింది అంచుదాకా పోయాలి, అంతకు మించి పోస్తే అది కూడా కారుతుంది.

బ్రీదర్‌ను ఊడదీసి, కడిగి, ఊది చూసి పెట్టండి. వాగులు దాటే బండి అయితే దానికి రబ్బరు గొట్టం తగిలించి, పైకి, ఛాసిస్ దాకా తీసుకెళ్ళడం మేలు.