గట్క గిన్నె నుంచి బాలామృతం దాకా

1958లో నీలగిరుల్లోని కూనూరు నుంచి ఒక పరిశోధనశాల హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1918లో బెరిబెరి జబ్బు మీద విచారణ కోసం ఒక్క గదిలో మొదలైన ఆ సంస్థే తార్నాకలోని నేటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి నుంచి సుమారు నూరు కిలోమీటర్లు ఒక దిక్కున వెళ్తే పాలమూరు (మహబూబ్‌నగర్), మరో దిక్కున వెళ్తే నల్లగొండ. తిండి చాలని పిల్లల గురించి చదవడానికి శాస్త్రవేత్తలు దూరదేశాలు పోవాల్సిన పని లేకపోయింది.

రెండు జిల్లాల దక్షిణపు అంచునే కృష్ణ పారుతుంది. కానీ నది పల్లంలో, చేను మిట్టన. ఎర్ర చెలకల్లో వాన మీద ఆధారపడి పండేవి జొన్న, సజ్జ, ఆముదం, కంది. పేదింటి పిల్లకు పొద్దున అంబలి, రాత్రికి జొన్న గట్క. కాలమైతే పప్పు, పుంటికూర తోడయ్యేవి. కాకపోతే గట్క, కారం మాత్రమే.

దక్కను పీఠభూమిలో జొన్న తప్ప మరేమీ దొరకని పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలిన చోట చర్మం మాడినట్టు నల్లబడి పొలుసులుగా ఊడుతుంది. మక్కలు తినే దేశాల్లో ప్రసిద్ధమైన ఈ జబ్బు జొన్న తినేవారికి ఎందుకొస్తోందని సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య పరిశోధించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణమన్న వాదనను 1960లో ‘లాన్సెట్’ పత్రికలో ముందుకు తెచ్చారు. అయినా తప్పు జొన్నది కాదు. పళ్లెంలో దాని పక్కన పప్పు, పాలు, ఆకుకూర లేకపోవడమే తప్పు. విటమిన్ ‘ఎ’ లేక రేచీకటితో మొదలై చూపే పోగొట్టుకునే పిల్లల కథా ఇదే. వారికి ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ‘ఎ’ చుక్కలు వేసే దేశవ్యాప్త కార్యక్రమం 1970లో మొదలైంది. దానికి ఆధారం తార్నాకలో జరిగిన పరిశోధనే.

నల్లగొండలో మాత్రం తిండి ఒక్కటే లెక్క కాదు. నీళ్లూ లెక్కే. ఇక్కడి బావుల్లోని ఫ్లోరైడ్ ఎముకలను ఎలా బిగదీస్తుందో ఎ.హెచ్.సిద్ధిఖీ 1955లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వివరంగా రాశారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఇంకో సంగతి బయటపెట్టారు. ఎదిగే వయసు పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంకరపోతున్నాయి, ఎముకలు గుల్లబారుతున్నాయి. కాల్షియం చాలని ఒంటి మీద ఫ్లోరైడ్ దెబ్బ మరింత గట్టిగా పడుతుంది. పాలు తాగే పిల్ల, పాలు లేని పిల్ల ఒకే బావి నీళ్లు తాగినా, ముందుగా కుంగేది పాలు లేని పిల్లే.

పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. ‘నల్లగొండ టెక్నిక్’ పేరుతో అది ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. జిల్లా పేరు ఖండాలు దాటినా మర్రిగూడ, మునుగోడు పల్లెల బిందెల్లోకి మంచినీళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీకి దిగారు. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపుతో నీళ్ల కోసం నామినేషన్లు వేసిన సామాన్యులే వారిలో ఎక్కువ. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. నల్లగొండ గోడు ఢిల్లీకి వినపడింది అలాగే.

పాలమూరు బాధ వేరు. నాగార్జునసాగర్ మొదలు దేశంలోని ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసింది ‘పాలమూరు లేబర్’. మేస్త్రీ చేతిలో అడ్వాన్సు పెడితే ఇల్లంతా కదిలేది. వెంట పోయిన పిల్లలు పని జాగాలో గుడారాల మధ్య పెరిగేవారు, పోనివాళ్లు అవ్వాతాతల దగ్గర ఉండేవారు. 1990ల తొలినాళ్లలో మహబూబ్‌నగర్ నుంచి ముంబైకి వారానికి ఒక బస్సు పోయేది, 2003 నాటికి ముప్పైకి పైగా పోయేవని పాత్రికేయుడు పి.సాయినాథ్ రాశారు. పనికి పోయిన తల్లి చంటిబిడ్డకు వేళకు పాలివ్వలేదు. ఊళ్లో విడిచి పోయిన బిడ్డకు రోజుకు నాలుగైదుసార్లు మెత్తగా కలిపి తినిపించే ఓపిక ముసలి చేతులకు ఉండదు. రెండేళ్లలోపు పిల్లల ఎదుగుదల ఆగిపోయేది ఇక్కడే.

సర్కారు చేసింది తక్కువేమీ కాదు. 1975లో దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. కడుపులు నిండాయి, కానీ తెల్లన్నం పెరిగినకొద్దీ గట్క, సంకటి వెనకబడ్డాయి. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించాక 2003 జనవరి నుంచి బడుల్లో మధ్యాహ్న భోజనం వచ్చింది. 2006లో ఉపాధి హామీ తొలి విడతలోనే ఈ రెండు జిల్లాలూ చేరాయి. 2015లో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు అందాయి. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం వచ్చింది. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి ఇది. బాగా చిక్కిపోయిన పిల్లల కోసం చేసిన ‘బాలామృతం ప్లస్’ను మొదట ఇచ్చి చూసిన జిల్లాల్లో పాత పాలమూరులోని గద్వాల ఒకటి. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలతో చెలకలు తడిశాయి. మిషన్ భగీరథ తాగునీటి నల్లాలు వచ్చాయి, వలస కొంత తగ్గింది.

అయినా లెక్కలు ఊరుకోనివ్వవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు 2015-16లో నూటికి 28 మంది. 2019-20 నాటికి 33 మంది అయ్యారు. రక్తహీనత ఉన్న చిన్నారులు నూటికి 61 నుంచి 70కి పెరిగారు. బియ్యం నిండుగా ఉన్న కాలంలో వచ్చిన లెక్కలివి.

ఇక చేయాల్సింది కొత్త పథకం పేరు వెతకడం కాదు. రేషన్ దుకాణంలో బియ్యంతో పాటు ఇక్కడ పండే కంది, జొన్న ఇవ్వాలి. ఇటుక బట్టీ, భవన నిర్మాణం ఎక్కడ ఉన్నా అక్కడి కూలీల పిల్లలను దగ్గరి అంగన్‌వాడీ తన పిల్లలుగా రాసుకోవాలి. వలసపోయిన బిడ్డ పేరు రిజిస్టర్‌లో ఊళ్లోనే ఉండిపోయి, గుడ్డు మాత్రం అందకపోతే, ఆ బాధ్యత తల్లిది కాదు, ప్రభుత్వానిది.