పొంగు: నోట్లో కనిపించే తొలి గుర్తు

ఒంటిమీద తట్టు లేచాకగాని పిల్లలకు పొంగు పోసిందని మనం గుర్తించం. ఆపాటికే అది పక్కపిల్లలకు అంటుకుని ఉండవచ్చు.

1846లో అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందికి పొంగు వచ్చింది. 1781లో వచ్చి తగ్గిన ముసలివాళ్లకు మాత్రం మళ్లీ రాలేదని డెన్మార్కు వైద్యుడు పానుమ్ గమనించాడు. సోకిన రెండు వారాలకు తట్టు లేస్తుందనీ తేల్చాడు.

మరి ముందే కనిపెట్టేదెలా? 1896లో న్యూయార్కు పిల్లల డాక్టరు కోప్లిక్ ఆ గుట్టు విప్పాడు. తట్టుకు ఒకటి రెండు రోజుల ముందే బుగ్గల లోపల, ఎర్రటి మచ్చలమీద ఉప్పురవ్వంత తెల్లచుక్కలు కనిపిస్తాయన్నాడు.

జ్వరం, దగ్గు, జలుబుతో కళ్లు ఎర్రబడితే, పగటి వెలుతురులో బిడ్డ నోరు చూడండి. చుక్కలుంటే వేరే గదిలో ఉంచి డాక్టరుకు చూపించండి. లేకపోయినా అనుమానం వదలకండి. పత్యమంటూ కడుపు మాడ్చకండి. అన్నట్టు, టీకా రెండు మోతాదులూ వేయించారు కదూ?